డిస్క్ చక్రానికి గాలి కొట్టే అడాప్టర్: ఎంపిక నుంచి వాడకం దాకా సమగ్ర మార్గదర్శి

మామూలు సైకిల్ చక్రంలో స్పోకుల మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉంటుంది కనుక పంపు తలను నేరుగా వాల్వ్ మీద పెట్టి లీవర్ ఎత్తితే సరిపోతుంది. డిస్క్ చక్రానికి ఆ వెసులుబాటు లేదు. రెండు పక్కలా పలక మూసి ఉంటుంది. వాల్వ్ ఇరుసు వైపు చూస్తూ, పలకలో కోసిన చిన్న రంధ్రం వెనుక నిలిచి ఉంటుంది. ఆ రంధ్రాన్ని ఈ వ్యాసంలో కిటికీ అని పిలుస్తాను.

కిటికీలోకి మామూలు పంపు తల దూరదు. దూరినా, వాల్వ్ కొనకు పైన నిలబెట్టి కిందికి నొక్కడానికి ఎత్తు చాలదు. అందుకే మధ్యలో ఒక అడాప్టర్ కావాలి. ఏ అడాప్టర్ మంచిదని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మీ చక్రం కొలతల్లో ఉంది, అడాప్టర్ పేరులో లేదు. ఒకరి చక్రానికి చక్కగా అమరినది మరొకరి కిటికీలో అడుగు కూడా పెట్టదు. కాబట్టి కొలతలతోనే మొదలుపెడదాం.

1. కొనడానికి ముందు తీసుకోవలసిన కొలతలు

కిటికీ మీద స్టిక్కర్ గాని మూత గాని ఉంటే తీయండి. సన్నని స్కేలు, టార్చి దగ్గర పెట్టుకోండి. స్కేలు లోపలికి పట్టకపోతే మందపాటి కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, దాని మీద గీతలు గీసి వాడుకోవచ్చు.

మొదటి కొలత పై ఖాళీ. వాల్వ్ కొన నుంచి కిటికీలో ఇరుసు వైపు అంచు వరకు ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో చూడండి. ఈ కొలతను కొన మీది చిన్న నట్టును పూర్తిగా వదులు చేశాకే తీయాలి, ఎందుకంటే వదులైన నట్టు కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, ఆ కాస్త తేడాకే అడాప్టర్ పట్టకుండా పోవచ్చు. అడాప్టర్ తలను ముందు కొనకు పైన ఉంచి తరువాత కిందికి దించాలి కనుక, తల ఎత్తు ఈ ఖాళీ కంటే తక్కువగా ఉండి తీరాలి.

రెండవది బయటికి కనిపించే వాల్వ్ పొడవు. రిమ్ నుంచి కొన వరకు సుమారు 15 మి.మీ. ఉంటే చాలా అడాప్టర్లకు నమ్మకమైన పట్టు దొరుకుతుంది. అంతకంటే బాగా తక్కువైతే రబ్బరు సరిగ్గా పట్టదు. మరీ ఎక్కువైతే పై ఖాళీ తగ్గిపోతుంది. ఈ రెండు కొలతలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని గమనించండి.

మూడవది లోతు. వాల్వ్ చక్రం మందానికి మధ్యలో ఉంటుంది, పలక దానికి కాస్త దూరంలో బయట ఉంటుంది. వాల్వ్ మధ్య గీత నుంచి పలక బయటి ముఖం దాకా ఎంత దూరమో చూస్తే, అడాప్టర్ వంపు భాగం ఎంత పొడవు ఉండాలో తెలుస్తుంది. వంపు పొట్టిగా ఉంటే పంపు తల పలకను గీకుతుంది.

నాలుగవది కిటికీ వెడల్పు. మీ బొటనవేలు లోపలికి పడుతుందా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దీని ప్రాధాన్యం 3వ భాగంలో తెలుస్తుంది.

స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో తీసుకోండి. దుకాణంలో మాటలతో చెప్పేదానికంటే ఆ ఫొటో త్వరగా పని చేస్తుంది.

2. వాల్వ్‌ను సరిగ్గా గుర్తించడం

డిస్క్ చక్రాల్లో దాదాపు ఎప్పుడూ ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. దాని కాండం వ్యాసం 6 మి.మీ. కాండంలో కోర్ అనే చిన్న భాగం బిగించి ఉంటుంది, ఆ కోర్ కొన మీద గాలిని తెరిచి మూసే నట్టు ఉంటుంది. కార్ల టైర్లలో కనిపించే లావైన వాల్వ్ ష్రేడర్; అది సుమారు 8 మి.మీ. ఉంటుంది.

ఇక్కడ చూసుకోవలసినవి రెండు. మొదటిది, కోర్ విప్పదగినదా కాదా. కోర్ మెడ మీద ఎదురెదురుగా రెండు చదును ముఖాలు కనిపిస్తే అది విప్పదగినది. రెండవది, కాండం బయట మర ఉందా, నున్నగా ఉందా. నున్నని కాండం మీద నొక్కుడు రబ్బరు బాగా పట్టుకుంటుంది. మర ఉన్న కాండం మీద రబ్బరు త్వరగా అరుగుతుంది.

వాల్వ్ మూతకు పనికివచ్చే సన్నని మర కోర్ మీదే ఉంటుందని గుర్తుంచుకోండి. మర బిగింపు అడాప్టర్లు పట్టుకునేది ఆ మరనే. డిస్క్ చక్రం దగ్గర జరిగే పొరపాట్లలో బాధాకరమైనది దీని నుంచే పుడుతుంది.

3. అడాప్టర్ల రకాలు, ఏది ఎవరికి

వంపు లోహ గొట్టం

చిన్న లోహపు గొట్టం వంగి ఉంటుంది. ఒక చివర రబ్బరు వాషర్ ఉన్న తల, మరో చివర పంపు పట్టుకునే వాల్వ్ ఆకారపు ముక్కు. తలను వాల్వ్ మీద నొక్కి, గాలి కొడుతున్నంతసేపూ బొటనవేలితో పట్టి ఉంచాలి. అలా పట్టి ఉంచకపోతే లోపలి పీడనం దానిని నెట్టివేస్తుంది.

ఆ నెట్టుడు ఎంతో లెక్క వేయడం తేలిక. 6 మి.మీ. వృత్తం వైశాల్యం సుమారు 28 చదరపు మి.మీ. 7 బార్, అంటే దాదాపు 101 పీఎస్‌ఐ వద్ద దాని మీద పడే బలం సుమారు 20 న్యూటన్లు. అది 2 కిలోల బరువుకు సమానం. 10 బార్ దగ్గర దాదాపు 3 కిలోలు. బొటనవేలు లోపలికి పడితే ఈ బలాన్ని సులభంగా ఆపవచ్చు. వేలు పట్టనంత ఇరుకు కిటికీ అయితే ఇదే అడాప్టర్ ప్రతిసారీ ఊడివస్తుంది. కిటికీ వెడల్పు కొలవమన్నది ఇందుకే.

ఈ రకానికి ఉన్న గొప్ప సుగుణం, ఇది కోర్‌ను తిప్పదు. లాగితే వస్తుంది, వాల్వ్ తనంతట తాను మూసుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే ఒక చెయ్యి అక్కడే చిక్కుకుపోతుంది, కాబట్టి మరొకరి సాయం గాని, పంపును ఒంటి చేత్తో కొట్టే అలవాటు గాని కావాలి.

మర బిగింపు పొట్టి గొట్టం

వాల్వ్ మర మీద తిప్పి బిగించే తల, దాని నుంచి మెత్తని పొట్టి గొట్టం, చివర పంపుకు ముక్కు. బిగించాక చెయ్యి అవసరం లేదు, అధిక పీడనంలోనూ ఊడదు, ఒంటరిగా గాలి కొట్టుకునేవారికి ఇది హాయి. అయితే తలను తిప్పడానికి వేళ్లకు చోటు కావాలి. గొట్టం తల నుంచి విడిగా తిరిగే రకం కాకపోతే, బిగించేటప్పుడు గొట్టమంతా గుండ్రంగా తిరగాల్సి వస్తుంది, కిటికీలో అది అసాధ్యం. కొనేటప్పుడు తల విడిగా తిరుగుతుందో లేదో చేతిలోకి తీసుకుని చూడండి.

విప్పేటప్పుడు తలతో పాటు కోర్ కూడా విప్పుకుని రావడం దీని పెద్ద ప్రమాదం. ఒక పోటీ ఉదయం నాకు ఇదే జరిగింది: గాలంతా ఒక్కసారిగా బుస్సుమని వెళ్లిపోయింది, కోర్ అడాప్టర్‌లోనే ఇరుక్కుంది, దానిని బయటికి తీసే సాధనం నా సంచిలో లేదు. ఆ రోజు నుంచి గాలి కొట్టడానికి ముందు కోర్ బిగింపు చూడకుండా ఈ రకాన్ని తాకను.

పొట్టి ఎత్తు పంపు తల

ఇది విడి అడాప్టర్ కాదు. పంపు గొట్టానికి ఉన్న తలను తీసేసి, దాని స్థానంలో ఎత్తు తక్కువగా ఉండి, పక్క నుంచి గొట్టం వచ్చే తలను అమర్చుకోవడం. లీవర్ లేదా కాలర్‌తో తాళం పడుతుంది, మధ్యలో అదనపు అతుకు ఉండదు కనుక గాలి కారే చోట్లు తగ్గుతాయి. ఇంట్లో ఒకే పంపు, ఒకే డిస్క్ చక్రం ఉన్నవారికి ఇది మంచి మార్గం. లీవర్ తెరుచుకునే దిశలో పలక అడ్డు రాకుండా చూసుకోవాలి; మూసి ఉన్నప్పుడు పట్టే తల, లీవర్ లేపాక పట్టకపోవచ్చు.

నా తీర్పు ఇది. బొటనవేలు పట్టే కిటికీ ఉంటే వంపు లోహ గొట్టంతో మొదలుపెట్టండి. వేలు పట్టకపోయినా వేలికొనలు తలను తిప్పగలిగితే, తల విడిగా తిరిగే మర బిగింపు గొట్టం తీసుకోండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో దారిలో గాలి నింపే ఆలోచన ఉన్నవారికి కూడా మర బిగింపే మేలు, ఎందుకంటే వ్యాకోచించే వాయువు చల్లబడి రబ్బరును గట్టిపరుస్తుంది, అప్పుడు నొక్కుడు పట్టు జారే అవకాశం ఎక్కువ.

4. పంపు వైపు చివర

అడాప్టర్ కొనేవారు వాల్వ్ వైపునే చూస్తారు. బయటి చివర ప్రెస్టా ఆకారంలో ఉందా, ష్రేడర్ ఆకారంలో ఉందా అన్నది కూడా అంతే ముఖ్యం. మీ పంపు తల రెండింటినీ పట్టుకునేదైతే చింత లేదు. ఒకదాన్నే పట్టుకునేదైతే దానికి సరిపోయే చివరే కావాలి.

బయటి ముక్కు పొడవును కూడా చూడండి. మరీ పొట్టి ముక్కును పంపు తల సగమే పట్టుకుని, పీడనం పెరిగాక వదిలేస్తుంది. బరువైన పంపు తల పొడవాటి అడాప్టర్ చివర వేలాడితే, ఆ బరువంతా మీటలా పనిచేసి వాల్వ్‌ను పక్కకు వంచుతుంది. అలాంటప్పుడు గాలి కొట్టినంతసేపూ పంపు తలను ఒక చేత్తో మోసి ఉంచాలి.

కొనే ముందు చూసుకోవలసిన జాబితా:

- తల ఎత్తు, నా పై ఖాళీ కంటే తక్కువగా ఉందా?
- వంపు భాగం పలకను దాటి బయటికి వస్తుందా?
- బయటి చివర నా పంపు తలకు సరిపోతుందా?
- రబ్బరు వాషర్‌ను విడిగా మార్చుకోవచ్చా?
- మర రకమైతే తల విడిగా తిరుగుతుందా?

5. గాలి కొట్టే వరుస

కొత్త అడాప్టర్‌ను పోటీకి ముందు రోజు కాదు, తీరికగా ఉన్న రోజు ప్రయత్నించండి. వరుస ఇలా ఉండాలి.

(1) చక్రాన్ని తిప్పి, కిటికీని ఫ్రేమ్ గొట్టాలకు దూరంగా తెచ్చుకోండి. కాలంతో పోటీపడే టైమ్ ట్రయల్ సైకిళ్లలో వెనుక చక్రం సీటు గొట్టానికి బాగా దగ్గరగా ఉంటుంది కనుక ఈ పని మరువకూడదు. టైరులో చిల్లులను పూడ్చే సీలెంట్ ద్రవం ఉంటే వాల్వ్ అడుగున ఉండకూడదు. గడియారంలో 4 లేదా 8 ఉండే చోట పెడితే ద్రవం వాల్వ్‌లోకి రాదు.

(2) కిటికీ అంచు చుట్టూ ఒక వరుస టేపు అతికించండి. పంపు తల తగిలినా పలక మీద గీత పడదు.

(3) కోర్ సాధనంతో కోర్ బిగింపు సరిచూడండి. చేతికి గట్టిగా తగిలితే చాలు, బలం ప్రయోగించవద్దు.

(4) కొన నట్టును పూర్తిగా వదులు చేసి, కొనను ఒక్కసారి లోపలికి తాకించి వదలండి. చిన్న శబ్దంతో కాస్త గాలి వస్తుంది. చాలా రోజులు కదలని వాల్వ్ లోపలి రబ్బరు అతుక్కుపోయి ఉంటుంది. ఈ తాకుడుతో అది విడివడుతుంది. ఇది చేయకపోతే మొదటి స్ట్రోకులు గట్టిగా తగులుతాయి.

(5) అడాప్టర్‌ను ముందు పంపుకు బిగించి, తరువాత వాల్వ్‌కు తగిలించండి. తిరగేసి చేస్తే, ఇరుకు చోట వాల్వ్ మీద అడాప్టర్ ఉండగానే పంపు లీవర్‌ను గట్టిగా మూయాల్సి వస్తుంది, ఆ కుదుపు వాల్వ్ మెడ మీద పడుతుంది. మర రకం గొట్టానికి మాత్రం ఈ క్రమం తిరగబడుతుంది: ముందు వాల్వ్‌కు బిగించి, ఆపైన పంపు తగిలించాలి.

(6) నొక్కుడు రకమైతే రబ్బరు, కోర్ మీది చదును ముఖాలను దాటి గుండ్రని కాండం దాకా దిగాలి. చదును ముఖాల దగ్గరే ఆగితే ఆ సందుల్లోంచి గాలి కారుతుంది.

(7) మొదటి రెండు మూడు స్ట్రోకులు నెమ్మదిగా కొట్టి, చెవి పెట్టి వినండి. కారే శబ్దం లేకపోతే కొనసాగించండి.

(8) తీసేటప్పుడు అడాప్టర్‌ను వాల్వ్ రేఖలోనే నేరుగా లాగండి, పక్కకు వంచవద్దు. అప్పుడు వచ్చే బుస్సు శబ్దం గొట్టంలో మిగిలిన గాలిది; టైరులోది కాదు. కొత్తవారు ఆ శబ్దానికి కంగారుపడి మళ్లీ మళ్లీ కొడుతుంటారు.

(9) నట్టు బిగించి, టేపు తీసి, కిటికీని మూయండి.

6. గేజ్‌ను ఎలా చదవాలి

ప్రెస్టా వాల్వ్ ఒకవైపే తెరుచుకుంటుంది. పంపు గొట్టంలోని పీడనం టైరులోని దానిని మించినప్పుడే అది తెరుచుకుంటుంది. అందువల్ల పంపు తగిలించిన వెంటనే గేజ్ సున్నా చూపినంత మాత్రాన టైరు ఖాళీ అని కాదు. ఒక స్ట్రోక్‌తో ముల్లు ఎగిరి, వాల్వ్ తెరుచుకున్న చోట నిలుస్తుంది. టైరు పీడనం సుమారుగా అక్కడే ఉంటుంది.

ఇదే కారణంగా, స్ట్రోక్ కొడుతున్న క్షణంలో ముల్లు చూపే అంకె నిజం కంటే ఎక్కువ. సన్నని వంపు గొట్టంలో గాలికి అడ్డంకి ఎక్కువ కనుక ఈ తేడా డిస్క్ చక్రం దగ్గర మరింత పెరుగుతుంది. చివరి నాలుగైదు స్ట్రోకులు చాలా నెమ్మదిగా కొట్టి, గాలి పారడం ఆగిన క్షణంలో ముల్లును చూడాలి. ఆ తరువాత ముల్లు మెల్లగా పడుతూ ఉంటే అది పంపు, అడాప్టర్ అతుకుల్లో కారుతున్న గాలి. వాల్వ్ మూసుకుని ఉంది కనుక టైరు క్షేమం.

లక్ష్యం ఎంత ఉండాలన్నది టైరు, రిమ్ మీద ముద్రించిన గరిష్ఠ పరిమితుల్లో తక్కువదాన్ని దాటకూడదు. టైరు అంచును పట్టుకునే కొక్కెం లేని (హుక్‌లెస్) రిమ్ములకు ఆ పరిమితి 5 బార్, అంటే 72.5 పీఎస్‌ఐ. రిమ్‌కు జిగురుతో అంటించే పాత ట్యూబులర్ టైర్ల అలవాటుతో 100 పీఎస్‌ఐ పైన కొట్టేవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి, ఎందుకంటే టైరు రిమ్ నుంచి ఊడితే అది ప్రాణాల మీదికి వస్తుంది.

7. తరచుగా వచ్చే ఇబ్బందులు, వాటి పరిష్కారం

ఎంత కొట్టినా ముల్లు పైకి లేచి వెంటనే పడిపోతోంది: గాలి టైరులోకి వెళ్లడం లేదు, అతుకులోంచి పోతోంది. అడాప్టర్‌ను తీసి, రబ్బరును తిప్పి చూడండి. ఒక పక్క అరిగితే వాషర్‌ను తిరగేసి వేయవచ్చు. చీలిక ఉంటే మార్చాలి.

ముల్లు ఒక్క స్ట్రోక్‌కే చాలా పైకి ఎగిరి, పిడి కిందికి దిగడం లేదు: కొన నట్టు తెరవడం మరిచిపోయారు, లేదా కోర్‌లో ఎండిన సీలెంట్ అడ్డుపడింది. నట్టు తెరిచి ఉంటే, గాలి తీసి, కోర్ విప్పి, గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టండి. గట్టిపడినది రాకపోతే కొత్త కోర్ వేయడమే మంచిది.

6, 7 బార్ దాటాక నొక్కుడు అడాప్టర్ ఊడివస్తోంది: వేలి ఒత్తిడి వాల్వ్ రేఖలో పడడం లేదు. బొటనవేలిని అడాప్టర్ వంపు మీద, సరిగ్గా వాల్వ్‌కు ఎదురుగా పెట్టి రిమ్ వైపు నొక్కండి. మర కాండం మీద సీలెంట్ తడి ఉంటే తుడవండి.

విప్పితే కోర్ కూడా వచ్చింది: కోర్‌ను అడాప్టర్ నుంచి జాగ్రత్తగా తీసి, సాధనంతో మళ్లీ వాల్వ్‌లో బిగించి మొదటి నుంచి గాలి కొట్టాలి. ఇకమీదట అడాప్టర్‌ను వేలికొనలతో మాత్రమే బిగించండి. సరిపడా పట్టు రావడానికి అదే చాలు, ఎక్కువ బిగించిన కొద్దీ కోర్‌ను వెంట తీసుకువచ్చే అవకాశం పెరుగుతుంది.

పై ఖాళీ మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువైంది: అడాప్టర్‌ను బలవంతంగా దూర్చవద్దు. పలక అంచు చిట్లితే మరమ్మతు కష్టం. పొట్టి వాల్వ్ ఉన్న ట్యూబ్ వేయడం ఇక్కడ సరైన మందు. ట్యూబ్‌లెస్ అయితే పొట్టి వాల్వ్ మార్చుకోవచ్చు. వాల్వ్ మరీ పొట్టిదైతే పొడిగింపు గొట్టం వేసి, దాని మర మీద పలుచని సీలు టేపు చుట్టండి.

8. ట్యూబ్‌లెస్ టైరును డిస్క్ రిమ్ మీద కూర్చోబెట్టడం

టైరు అంచు రిమ్ మీదికి ఎక్కాలంటే ఒక్కసారిగా ఎక్కువ గాలి వెళ్లాలి. అందుకు కోర్‌ను తీసేసి కొట్టడం మామూలు పద్ధతి. ఇక్కడ మర బిగింపు అడాప్టర్ పనికిరాదు, ఎందుకంటే అది పట్టుకునే మర కోర్‌తో పాటే వెళ్లిపోయింది. కాండాన్నే పట్టుకునే నొక్కుడు తల మాత్రమే పని చేస్తుంది. డిస్క్ చక్రంలో ట్యూబ్‌లెస్ వాడేవారు రెండు రకాలూ దగ్గర ఉంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

రంధ్రం సన్నగా ఉన్న అడాప్టర్ గాలి వేగాన్ని తగ్గిస్తుంది. గాలి నిల్వ ఉంచి ఒక్కసారిగా వదిలే పంపు ఉన్నా, మధ్యలో సన్నని గొట్టం ఉంటే లాభం సగం పోతుంది. అంచు ఎక్కకపోతే టైరు లోపలి అంచుకు సబ్బు నీరు రాసి మళ్లీ ప్రయత్నించండి. అంచు ఎక్కాక అడాప్టర్ తీయగానే గాలి వెళ్లిపోతుంది కనుక కోర్‌ను వేళ్ల దగ్గరే ఉంచుకుని, సీలెంట్ పోసి, బిగించి, మళ్లీ గాలి కొట్టండి.

9. పోటీ రోజు, తరువాత సంరక్షణ

లేటెక్స్ ట్యూబులు రాత్రికి రాత్రే గాలి వదులుతాయి కాబట్టి గాలి పోటీ ఉదయమే కొట్టాలి. ఎండలో నిలబెట్టే సైకిల్ విషయంలో మరో మాట: 20 డిగ్రీల నీడలో 7 బార్ కొట్టిన టైరు 40 డిగ్రీలకు వేడెక్కితే పీడనం సుమారు అర బార్ పెరుగుతుంది. పరిమితికి దగ్గరగా కొట్టేవారు ముందే ఆ మేరకు తగ్గించుకోవాలి.

సంచిలో ఉండవలసినవి:

- అడాప్టర్, దానికి అదనపు రబ్బరు వాషర్
- కోర్ సాధనం, ఒక విడి కోర్
- కిటికీ మూయడానికి సరిపడా కత్తిరించి ఉంచిన టేపు ముక్కలు
- పాత జిగురు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ

కిటికీ టేపును ప్రతిసారీ కొత్తదే వేయండి. జిగురు తగ్గిన టేపు వేగంలో లేచి రెపరెపలాడుతుంది, వేగం కోసమే కొన్న చక్రానికి అది తగదు. అడాప్టర్ ముక్కలను కిటికీలోంచి చక్రం లోపల పడనివ్వకండి; పడితే చక్రాన్ని కిటికీ కిందికి వచ్చేలా పడుకోబెట్టి మెల్లగా ఊపితే బయటికి వస్తాయి.

వాడిన ప్రతిసారీ అడాప్టర్ తలను తుడిచి, రబ్బరుకు నెలకోసారి పలుచగా సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం జెల్లీ వంటివి రబ్బరును ఉబ్బించవచ్చు, వాటిని వాడకండి. రబ్బరు గోటితో నొక్కితే తిరిగి లేవకపోతే దాని పని అయిపోయినట్టే. వెంటనే కొత్త వాషర్ వేసి, ఒక చక్రం మీద 2 నిమిషాలు పీడనం నిలుస్తుందో లేదో చూసి సంచిలో పెట్టండి.